చిన్నపిల్లలతో హైదరాబాద్ థీమ్ పార్కుల ట్రిప్: ఎత్తు కొలవడం దగ్గర్నుంచి ఇంటికి చేరేదాకా

రైడ్ గేటు పక్కన స్కేలు గీసిన ఒక బోర్డు. దాని ముందు మా బాబు మడమలు ఎత్తి, మెడ సాచి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. గేటు దగ్గరి అబ్బాయి వాడి భుజం మీద మెల్లగా చెయ్యేసి కిందికి దించి, నెత్తి మీద అరచేయి ఆనించి చూశాడు. గీతకి రెండు వేళ్లు తక్కువ. "వచ్చే ఏడాది రా బాబూ" అన్నాడు పాపం, నవ్వుతూనే. వాడికప్పుడు ఐదున్నరేళ్లు. నెల రోజులుగా ఆ రైడ్ వీడియోలు పదేపదే చూపించింది మేమే. వరసలో అరగంట నిలబెట్టిందీ మేమే. వాడు ఏడవలేదు. నా చున్నీలో మొహం దాచుకుని "ఇంటికెళ్దాం" అన్నాడు. ఉదయం పదకొండున్నరకి!

తర్వాత నాలుగైదు ట్రిప్పులు వేశాం. రాజమండ్రి నుంచి, ఇద్దరు పిల్లలతో, ఒక్కోసారి మా అత్తయ్యగారితో కలిసి. రెండు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్నవాళ్ల కోసం, హైదరాబాద్ చుట్టూ మనవాళ్లు ఎక్కువగా వెళ్లే రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లాలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మొత్తం ప్లాన్ పిల్లల ఎత్తు, ఆకలి, నిద్ర చుట్టూ అల్లుకోవాలి. టికెట్ డబ్బులు వసూలు చేసుకోవాలన్న ఆలోచన చుట్టూ అల్లితే పిల్లలూ ఏడుస్తారు, మనమూ అలిసిపోతాం.

మొదటి అడుగు: టేపు తీసి ఎత్తు కొలవండి

బుకింగ్ కంటే ముందు చేయాల్సిన పని ఇది. చెప్పులు తీయించి, మడమలు గోడకి ఆనించి నిలబెట్టండి. నెత్తి మీద అట్ట పుస్తకం అడ్డంగా పెట్టి పెన్సిల్‌తో గీత గీసి, టేపుతో సెంటీమీటర్లలో కొలవండి. ఆ అంకెను ఫోన్‌లో రాసుకోండి.

పార్కుల్లో పిల్లల టికెట్ ఎక్కువగా వయసును బట్టి కాకుండా ఎత్తును బట్టి ఉంటుంది. వండర్‌లాలో 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. అక్కడ్నుంచి 140 సెంటీమీటర్ల వరకు పిల్లల టికెట్. రైడ్‌లకీ దేని ఎత్తు పరిమితి దానికుంటుంది. మూడేళ్ల పిల్లలు సుమారుగా 95 సెంటీమీటర్ల దగ్గర, ఐదేళ్లవాళ్లు 110 దగ్గర, ఏడేళ్లవాళ్లు 120 దగ్గర ఉంటారు. అంటే ఒకటో తరగతి పిల్లవాడు పెద్ద రోలర్ కోస్టర్ ఎక్కడం అయ్యే పని కాదు. ఆ సంగతి ఇంట్లోనే చెప్పేయాలి. పార్కు వెబ్‌సైట్లో రైడ్‌ల జాబితా తెరిచి, పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని "ఇవి నీవి, ఇవి నువ్వు పెద్దయ్యాక" అని రెండు భాగాలు చేసి చూపించండి. వీడియోలు చూపించాలనుంటే మొదటి భాగంలోవే చూపించండి.

ఎత్తు సరిపోయినంత మాత్రాన ధైర్యం సరిపోవాలని లేదు. దీనికి ఇంటి దగ్గరే చిన్న పరీక్ష పెట్టొచ్చు. ఊళ్లో తిరునాళ్లకో ఎగ్జిబిషన్‌కో తీసుకెళ్లి రంగులరాట్నం ఎక్కించి చూడండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి జనవరిలో నాంపల్లి నుమాయిష్ ఉండనే ఉంది. దిగ్గానే "మళ్లీ" అన్నారా, గట్టిగా కళ్లు మూసుకున్నారా గమనించండి. దీపావళి చప్పుళ్లకి మంచం కింద దూరే పిల్లలకి తుపాకీ మోతల స్టంట్ షో సరదాగా ఉండదు. మా పాప అలాంటిదే. దానికోసం రెండు షోలు వదిలేశాం, ఏమీ నష్టపోలేదు.

రెండో అడుగు: ఏ పార్కు, ఎవరికి

ఈ రెండూ వేరువేరు తరహా. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్ రికార్డుల్లో ఉంది. అక్కడ చూడటం ఎక్కువ, ఎక్కడం తక్కువ. బస్సులో తిరుగుతూ సెట్లు చూస్తాం, మధ్యలో షోలు, తోటలు, పక్షులు, సీతాకోకచిలుకలు. పిల్లల ఆటలకి ఫండుస్తాన్ అని విడిగా ఒక చోటు ఉంది. నాయనమ్మ, తాతయ్యలు వస్తుంటే, పిల్లలు నాలుగైదేళ్ల లోపు వాళ్లయితే నా ఓటు దీనికే.

వండర్‌లా పూర్తిగా రైడ్‌ల పార్కు. ఈ సంస్థ పార్కుల్లో మొదటిది కొచ్చిలో 2000లో మొదలైంది, మన హైదరాబాద్‌ది 2016లో. రీకాయిల్ లాంటి, ముందుకి తీసుకెళ్లి మళ్లీ వెనక్కి తిప్పి తెచ్చే రోలర్ కోస్టర్లు పెద్దవాళ్లవి. చిన్నవాళ్లకి విడిగా రైడ్‌లున్నాయి, లోతులేని నీళ్ల ఆటలున్నాయి. ఐదేళ్లు దాటి నీళ్లంటే ఇష్టపడే పిల్లలకి ఇది పండగే.

మరి రెండేళ్ల పిల్లలకో? నిజం చెప్పాలంటే రెండూ తొందరే. వాళ్లకి నెహ్రూ జూపార్కు చాలు. ఏనుగు, టాయ్ ట్రైన్, ఎండలేనప్పుడు చెట్ల కింద ఒక దుప్పటి. సోమవారం జూ మూసి ఉంటుంది, అదొక్కటి గుర్తుంచుకోండి. ఇంట్లో ఒకరు రెండేళ్లు, ఒకరు ఆరేళ్లు అయితే పెద్దవాళ్లలో ఒకరు రోజంతా చిన్నవాళ్లతోనే ఉండాల్సి వస్తుంది. అది ఎవరో, ఎంతసేపటికి మారతారో ముందే మాట్లాడుకోండి. మేము గంటకొకసారి మారతాం. ఈ ఒప్పందం లేకుండా వెళ్లిన రోజు తిరుగు ప్రయాణంలో కారులో ఎవరూ మాట్లాడుకోరు.

మూడో అడుగు: తేదీ

వేసవి సెలవుల్లో అందరూ వెళ్తారు, అందుకే మనం వెళ్లకపోవడం మంచిది. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సిమెంటు నేల మీద పాదాలు కాలతాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది, కానీ అందులో రెండు చిక్కులు. ఒకటి, డిసెంబర్, జనవరిల్లో నీళ్లు చల్లగా ఉండి చిన్నపిల్లలు పది నిమిషాలకే వణుకుతారు. రెండోది, బడి పిల్లల పిక్నిక్ బస్సులు దిగేది ఆ నెలల్లోనే. మంగళవారమని ఖాళీగా ఉంటుందనుకుని వెళ్తే గేటు ముందు బారులు తీరిన పసుపు బస్సులు కనిపిస్తాయి.

నాకు బాగా కలిసొచ్చింది ఫిబ్రవరి, మార్చి మొదటి సగం. పిల్లలు ఇంకా బడిలో చేరని వాళ్లయితే జూన్‌లో బళ్లు తెరిచాక మొదటి రెండు వారాలు ఇంకా మంచివి. జనం ఉండరు. వానొస్తే మాత్రం ఉరుములు, మెరుపుల వేళ కొన్ని రైడ్‌లు ఆపేస్తారు. అది భద్రత కోసమే, అక్కడివాళ్లతో వాదించకండి. ఏ నెలైనా మంగళ, బుధ, గురువారాలకి మొగ్గు చూపండి. రెండో శనివారం, పండగ పక్కనొచ్చే శుక్రవారం వదిలేయండి. దసరా, సంక్రాంతి సెలవుల సంగతి చెప్పక్కర్లేదు.

నాలుగో అడుగు: దారి, బస

బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. బంధువులున్నారనో, హోటల్ చవకనో అమీర్‌పేట వైపు దిగుతారు. పొద్దున్నే పిల్లల్ని లేపి, ఊరంతా దాటించి, గంటన్నర ట్రాఫిక్‌లో తీసుకెళ్తే పార్కు గేటుకి వచ్చేసరికే వాళ్లు వాడిపోయుంటారు.

ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే మీద, హయత్‌నగర్ దాటాక అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఉంది. విజయవాడ వైపు నుంచి కారులో వచ్చేవాళ్లకి అది సిటీ కంటే ముందే తగులుతుంది, ఊళ్లోకి రానక్కర్లేదు. హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్‌లలో ఎక్కడ దిగినా సుఖం. ఎల్బీనగర్ వరకు మెట్రో ఉంది కాబట్టి రైల్లో వచ్చేవాళ్లకీ కష్టం లేదు. ఫిల్మ్ సిటీ లోపల కూడా హోటళ్లున్నాయి. బడ్జెట్ అనుమతిస్తే నెలల పిల్లలున్నవాళ్లకి అది వరం, మధ్యాహ్నం గదికొచ్చి పడుకోబెట్టొచ్చు.

వండర్‌లా రావిర్యాల దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉంది, ఎగ్జిట్ 13. శంషాబాద్ విమానాశ్రయం నుంచి వచ్చేవాళ్లు ఔటర్ మీదుగానే నేరుగా చేరొచ్చు. ఎల్బీనగర్ వైపు బస చేసినా ఫర్వాలేదు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే ఒక ఎగ్జిట్ దాటాక రావిర్యాల.

రెండు పార్కులూ చూడాలనుకుంటే వరసగా రెండు రోజులు పెట్టకండి. మధ్యలో ఒక రోజు ఖాళీగా ఉంచండి. ఆ రోజు పిల్లలు పది గంటల దాకా పడుకుంటారు, హోటల్ గదిలో కార్టూన్లు చూస్తారు, సాయంత్రం కాసేపు ట్యాంక్‌బండ్. మొత్తం మీద మూడు పగళ్లు, మూడు రాత్రులు.

ఐదో అడుగు: టికెట్లు, ఖర్చు

పార్కు సొంత వెబ్‌సైట్లోనే కొనండి. మామూలు రోజులకీ, వారాంతాలు, సెలవులకీ ధర తేడా ఉంటుంది. ఆఫర్లూ మారుతుంటాయి కాబట్టి ప్రయాణానికి వారం ముందు మరోసారి చూసుకోండి. కొనేముందు చూడాల్సింది ఇంకొకటి: తేదీ మార్చుకునే వీలుందా, ఎన్ని రోజుల ముందు చెప్పాలి. చిన్నపిల్లలకి జ్వరం ముందు రోజు రాత్రే వస్తుంది.

వండర్‌లాలో వరసలో ఆగకుండా వెళ్లే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ఉంది, ధర ఎక్కువ. ఆరేళ్ల లోపు పిల్లలతో వెళ్తే అది దండగ. పొడవైన వరసలుండేది పెద్ద రైడ్‌ల దగ్గర, మన పిల్లలు వాటి జోలికే పోరు. ఆ డబ్బు తిండికి, లాకర్‌కి, కారుకి ఉంచుకోండి. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి భోజనాలు, నీళ్లు, ఐస్‌క్రీములు అన్నీ అక్కడే కొనాలి. టికెట్ల మొత్తం వేసి అదే బడ్జెట్ అనుకుంటే సాయంత్రానికి లెక్క తప్పుతుంది.

ఆరో అడుగు: సంచి

ఒకే సంచి, భుజానికి తగిలించుకునేది. రెండు చేతులూ పిల్లలకి ఖాళీగా ఉండాలి.

నీళ్ల ఆటలకి నైలాన్ లాంటి ఈత దుస్తులే అనుమతిస్తారు. కాటన్ నిక్కరు, బనియన్ కుదరవు. అక్కడ కొనేకంటే ముందే మీ ఊళ్లో కొనుక్కోండి, పెద్దవాళ్లకి కూడా. పిల్లలకి చేతులూ మోకాళ్లూ కప్పేవి అయితే ఎండ నుంచీ గీతల నుంచీ కాపాడతాయి. డైపర్ వాడే పిల్లలకి ఈత డైపర్లు విడిగా దొరుకుతాయి. మామూలు డైపర్ నీళ్లు పీల్చి కుండలా ఉబ్బుతుంది.

ఒక్కొక్కరికి రెండు జతల పొడిబట్టలు. దళసరి టర్కీ టవల్ వద్దు. తాతయ్యల కాలం నాటి పల్చటి తుండుగుడ్డ తీసుకోండి, ఇట్టే ఆరిపోతుంది, తలకి చుట్టొచ్చు, నిద్రపోయిన పిల్లల మీద కప్పొచ్చు. బొటనవేలి చెప్పులు కాకుండా వెనక పట్టీ ఉన్న శాండిల్స్. టోపీలు. తడిబట్టలకి రెండు పెద్ద ప్లాస్టిక్ కవర్లు. మీరు మామూలుగా వాడే జ్వరం మందు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒక లీటరు నీళ్లలోనే కలపాలి. పిల్లవాడు తాగేది కొంచెమే కదా అని గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై మేలుకి బదులు కీడు జరుగుతుంది.

పసిపిల్లల తిండి విషయంలో సడలింపు ఉంటుంది. ఉగ్గు, పాలపొడి సీసా గేటు దగ్గర చూపించి తీసుకెళ్లొచ్చు. మిగతావాళ్లకి కారులో ఒక డబ్బా ఉంచండి: అరటిపళ్లు, జంతికలు, ఒక గిన్నెడు పెరుగన్నం. సాయంత్రం కారెక్కగానే ఆ పెరుగన్నం విలువ తెలుస్తుంది.

ఏడో అడుగు: వండర్‌లా రోజు

పొద్దున్న ఇడ్లీలు పెట్టండి, నూనె పూరీలు వద్దు. గిరగిరా తిరిగే రైడ్‌ల మీద ఆ పూరీ మళ్లీ కనిపిస్తుంది. తెరిచే వేళకి అరగంట ముందే గేటు దగ్గర ఉండండి. లోపలికి వెళ్లగానే అందరూ పెద్ద రైడ్‌ల వైపు పరిగెడతారు. మీరు నేరుగా పిల్లల రైడ్‌ల వైపు నడవండి. మొదటి గంటన్నరలో మా పాప ఒకే రంగులరాట్నం ఐదుసార్లు ఎక్కింది. "వేరేది చూద్దాం రా" అని లాగబోయాను. మావారు ఆపారు, ఆయన మాటే నిజం. దానికి కావాల్సింది అదే గుర్రం, తెల్లది, కుడివైపుది. ఎక్కిన ప్రతిసారీ దాని మెడ నిమిరి "నేనొచ్చా" అని చెప్పింది.

నీళ్ల విభాగం పొద్దున్నే తెరవరు, మధ్యాహ్నం వేళకి మొదలవుతుంది. వేళలు టికెట్ కొనేటప్పుడే చూసుకోండి. దాన్ని బట్టి పదకొండున్నరకే భోజనం చేసేయండి. ఒంటి గంటకి వెళ్తే కౌంటర్ల దగ్గర అరగంట నిలబడాలి, ఆకలేసిన పిల్లలతో అది నరకం. తిన్నాక ముప్పావుగంట నీడన కూర్చోండి. ఆ సమయంలోనే టాయిలెట్, బట్టలు మార్చడం, లాకర్.

ఇక నీళ్లు. ఇక్కడ కాస్త గట్టిగా చెప్తాను. నీళ్లలో మునిగే పిల్లలు అరవరు, చేతులు ఊపరు. చప్పుడు లేకుండా జారిపోతారు, మోకాలి లోతులో కూడా. లైఫ్‌గార్డ్ ఉన్నాడు, ట్యూబు ఉంది అనుకోవద్దు. ఒక్కో చిన్నపిల్లకి ఒక్కో పెద్దమనిషి, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఫోన్ లాకర్‌లో. డ్యూటీ మారేటప్పుడు నోటితో చెప్పాలి: "ఇప్పట్నుంచి పాప నీది", "సరే, నాది". ఈ రెండు మాటలు అనుకోకపోతే ఇద్దరూ రెండోవాళ్లు చూస్తున్నారనుకుంటారు. అలల కొలనులో అలలు మొదలయ్యే ముందే పిల్లల్ని అంచుకి తెచ్చేయండి. చీకట్లో, చప్పుడులో ఆడే రెయిన్ డాన్స్ చిన్నవాళ్లకి వద్దు, జనం కాళ్ల మధ్య నలిగిపోతారు. పెదాలు నీలంగా మారినా, పళ్లు కొట్టుకున్నా వెంటనే బయటికి తెచ్చి తుడిచి, పొడిగుడ్డ చుట్టి ఒళ్లో కూర్చోబెట్టుకోండి. "ఇంకాసేపు" అని ఏడ్చినా సరే.

నాలుగున్నరకి బయల్దేరండి. పార్కు ఇంకా తెరిచే ఉంటుంది, తెలుసు. ఒకసారి ఒక పార్కులో మూసేదాకా ఉన్నాం. తిరిగొచ్చే దారిలో బాబుకి వాంతులు, ఆ రాత్రికి జ్వరం, మర్నాటి ప్లానంతా రద్దు. ఆ చివరి గంటలో ఏం చూశామో ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. బయల్దేరే ముందు పిల్లలకి హఠాత్తుగా చెప్పకండి. "ఇంకా రెండు ఆటలు, తర్వాత ఐస్‌క్రీమ్, తర్వాత కారు" అని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తే చాలావరకు గొడవ ఉండదు.

ఎనిమిదో అడుగు: ఫిల్మ్ సిటీ రోజు

ఇది నడక, బస్సు కలిసిన రోజు. గేటు దగ్గర టికెట్ అయ్యాక వాళ్ల బస్సు లోపలికి, యురేకా అనే చోటికి తీసుకెళ్తుంది. షోలకీ తిండికీ స్టూడియో టూర్ బస్సులకీ కేంద్రం అదే. అక్కడ షోల వేళలు చూసి రెండే ఎంచుకోండి. ప్రేక్షకుల్లోంచే మనిషిని పిలిచి, సీన్ తీసి, శబ్దాలు కలిపి చూపించే షో ఒకటుంది. ఆరేళ్లు దాటిన పిల్లలు దాని గురించి నెలల తరబడి మాట్లాడతారు. స్టంట్ షోకి వెళ్తే వెనక వరసలో, బయటికి దారి ఉన్న చోట కూర్చోండి. బొరాసుర అనే చోటు భయపెట్టడానికే కట్టింది, ఆరేళ్ల లోపు వాళ్లని తీసుకెళ్లకండి. "ధైర్యం వస్తుంది" అనే మామయ్య ఎవరైనా ఉంటే ఆయన్ని ఒక్కణ్నే పంపండి.

ఎండ ముదరకముందే ఫండుస్తాన్‌లో పిల్లల్ని ఆడించేసి, భోజనం తర్వాత బస్సు టూర్ పెట్టుకోండి. కదిలే బస్సులో చిన్నవాళ్లకి కునుకు పడుతుంది. మా పాప ఒకసారి బాహుబలి సెట్ దగ్గర మావారి భుజం మీద నిద్రపోయింది. మేము వంతులవారీగా దిగి చూశాం. బస్సులు దిగి ఎక్కుతుండాలి కాబట్టి పెద్ద ప్రామ్ పనికిరాదు, మడత పెట్టేదో, ఛాతీకి కట్టుకునే క్యారియరో తీసుకెళ్లండి. ముందు గోడ మాత్రమే ఉండి వెనక ఏమీ లేని ఇళ్లనీ, ఒకవైపు ఒకలా ఇంకోవైపు ఇంకోలా కనిపించే భవనాలనీ పిల్లలకి చూపించి "ఇందులో ఎవరుంటారు?" అని అడగండి. పక్షుల పార్కుకి శక్తి మిగుల్చుకోండి. తిరిగి గేటుకి చేర్చే బస్సులు ఎప్పటిదాకా ఉంటాయో దిగినచోటే అడిగి పెట్టుకోవాలి. అత్తయ్యగారి మోకాళ్లని దృష్టిలో పెట్టుకుని మేము ప్రతి గంటకీ పది నిమిషాలు కూర్చున్నాం. తీరా చూస్తే ఆ పది నిమిషాలు అందరికీ అవసరమే.

తొమ్మిదో అడుగు: పిల్ల కనిపించకపోతే

ఇది పార్కులోకి అడుగుపెట్టే ముందే చేసే ఏర్పాటు. గేటు దగ్గర పిల్లల్ని నిలబెట్టి తల నుంచి కాలి దాకా ఒక ఫొటో తీయండి. వెతకాల్సి వస్తే ఏ రంగు చొక్కా అన్నది కంగారులో గుర్తురాదు. ముంజేతి మీద బాల్‌పెన్నుతో మీ ఫోన్ నంబర్ రాయండి. నీళ్లకి వెళ్లొచ్చాక చెరిగిపోతే మళ్లీ రాయండి. అక్కడి సిబ్బంది యూనిఫాం చూపించి "అమ్మ కనిపించకపోతే ఈ బట్టలవాళ్ల దగ్గరికి వెళ్లి నిలబడు, మేము వచ్చేదాకా కదలొద్దు" అని చెప్పండి. చెప్పి వదిలేయకుండా ఒకసారి చేయించి చూడండి. మా బాబు ఆ రిహార్సల్‌ని ఆటగా ఆడాడు. మూడు నెలల తర్వాత గుడి జాతరలో తప్పిపోయినప్పుడు పోలీసాయన పక్కన బుద్ధిగా నిలబడి దొరికాడు.

కనిపించకపోతే ఇద్దరూ చెరో వైపు పరిగెత్తకండి. ఒకరు చివరిసారి చూసిన చోటే ఉండాలి, ఇంకొకరు సిబ్బందికి చెప్పి ఫొటో చూపించాలి. ముందు నీళ్ల వైపు వెతకాలి.

పదో అడుగు: రాత్రి

గదికి రాగానే గోరువెచ్చటి నీళ్లతో స్నానం. క్లోరిన్ నీళ్లకి చర్మం, కళ్లు మండుతాయి, జుట్టు బిరుసెక్కుతుంది, కాబట్టి తలకి కూడా పోయాలి. చెవులు పైపైన గుడ్డతో తుడవండి, లోపల ఏమీ పెట్టకండి. కొబ్బరినూనె కాస్త ఒంటికి రాయండి. తిండి తేలిగ్గా: అన్నం, పప్పు, నెయ్యి దొరికితే చాలు. దొరకని చోట కారు డబ్బాలోని పెరుగన్నం. తడిబట్టలు కవర్లోంచి తీసి బాత్రూంలో ఆరేయండి. మర్చిపోతే మర్నాడు సంచి తెరవలేం.

ఆ తర్వాత దీపం తీసేసి పక్కన పడుకుని "ఇవాళ నీకు ఏది నచ్చింది?" అని అడగండి. మనం వేలు ఖర్చుపెట్టిన రైడ్ పేరు చెప్తారనుకోకండి. మా బాబు క్యాంటీన్ దగ్గర తిరిగిన పిల్లి గురించి చెప్పాడు. పాప అప్పటికే నిద్రలో ఉంది, పిడికిలి బిగించి, కళ్లెం పట్టుకున్నట్టు.